ఎంత తినాలో బిడ్డకు తెలుసు

(సెప్టెంబరు పోషణ మాసంలో, ఒంగోలులో తల్లుల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడినవారు హోమ్‌సైన్స్ అధ్యాపకురాలు, రెండున్నరేళ్ళ పాపకు తల్లి. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నల్లో కొన్నిటిని కూడా చేర్చాం.)

అందరికీ నమస్కారం. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న అమ్మలు మధ్యలో లేవాల్సి వస్తే మొహమాటపడకండి. పిల్లలు ఏడ్చినా పర్వాలేదు, నేను ఆగి మళ్ళీ మొదలుపెడతాను. అమ్మమ్మలు, నాన్నమ్మలు ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది. వెనక నిలబడ్డ నాన్నలు కూడా ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ చెప్పేదాంట్లో సగం మీకోసమే.

పిల్లల ఆహారం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఏ కూరలో ఏ విటమిన్ ఉందో ఆ గోడ మీద చార్టులో ఉంది. అంగన్‌వాడీ టీచర్లు కూడా మీకు చెప్పే ఉంటారు. నేను ఇంకో సంగతి మాట్లాడతాను. వండిన ఆ కూర గిన్నెలోంచి బిడ్డ నోట్లోకి వెళ్ళేలోపు మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? మూడు పూటలా యుద్ధం జరుగుతోంది. ఆ యుద్ధంలో బిడ్డా ఓడిపోతోంది, తల్లీ ఓడిపోతోంది.

పిల్లల డాక్టరు దగ్గర వరుసలో కాసేపు కూర్చోండి. "మా వాడు ఏమీ తినడండీ, ఆకలి పుట్టే మందు రాయండి" అనే మాట వినకుండా బయటికి రారు. ఆ మాట ఎక్కువగా ఏ వయసు పిల్లల తల్లులు అంటారో గమనించండి. నెలల పిల్లల తల్లులు కాదు, అయిదారేళ్ళ పిల్లల తల్లులూ కాదు. ఏడాది దాటి మూడేళ్ళ లోపు పిల్లల తల్లులు. నిన్నటిదాకా పెట్టిందల్లా తిన్న బిడ్డ, పుట్టినరోజు చేసిన కొద్ది రోజులకే నోరు బిగించేస్తుంది. ఇంట్లో అందరికీ టెన్షన్. దిష్టి తగిలిందంటారు, పళ్ళు వస్తున్నాయంటారు, పాలు పడట్లేదంటారు.

అసలు కారణం చాలా సాదాగా ఉంటుంది. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ అయిదో నెలకల్లా దాదాపు ఆరు కిలోలవుతుంది. ఏడాది నిండేసరికి తొమ్మిది. అంటే ఏడాదిలో మూడింతలు. అదే వేగంతో రెండో ఏడాది కూడా పెరిగితే, రెండో పుట్టినరోజుకు 27 కిలోలుండాలి. అలా ఏ బిడ్డా ఉండదు కదా. రెండో ఏడాది మొత్తం మీద బిడ్డ పెరిగేది సుమారు రెండున్నర కిలోలు. మూడో ఏడాది రెండు కిలోలు. పెరుగుదల నెమ్మదించింది, దాంతో పాటు ఆకలీ నెమ్మదించింది. ఒంటికి ఎంత కావాలో అంతే అడుగుతోంది బిడ్డ.

మనవాళ్ళు బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు అని ప్రతి దశకూ ఒక పిండివంట పెట్టారు. చుట్టుపక్కల వాళ్ళకు పంచారు. అందుకని ఆ దశలన్నీ ప్రతి తల్లికీ తెలుసు, ఎదురుచూస్తుంది కూడా. ఏడాది దాటాక ఆకలి తగ్గడం కూడా అలాంటి దశే. దీని గురించి మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. కొత్తగా తల్లి అయిన అమ్మాయి ఒక్కతే కూర్చుని, నా వంటలో లోపమా, నా పాలలో లోపమా అని కుమిలిపోతుంది. నేను ఇవాళ ఇక్కడికి వచ్చిందే ఆ అమ్మాయి కోసం. నీ తప్పేమీ లేదమ్మా. బిడ్డ బాగానే ఉంది.

ఇంకో విషయం కూడా జరుగుతుంది ఈ వయసులో. పొద్దున రెండు ఇడ్లీలు తిన్న బిడ్డ మధ్యాహ్నం రెండు ముద్దలతో ఆపేస్తుంది. రాత్రికి మళ్ళీ పెరుగన్నం అంతా తినేస్తుంది. 1991లో అమెరికాలో లీయాన్ బర్చ్, ఆమెతో పనిచేసిన పరిశోధకులు రెండేళ్ళ నుంచి అయిదేళ్ళ పిల్లలు తిన్నదంతా తూచి లెక్క వేశారు. పూటపూటకూ తినేదాంట్లో చాలా తేడా కనిపించింది. రోజు మొత్తం కలిపి చూస్తే మాత్రం పెద్ద తేడా లేదు. ఒక పూట తగ్గింది ఇంకో పూట పూడ్చుకుంటున్నారు. మనం ఒక్క మధ్యాహ్నం కంచం చూసి కంగారు పడుతున్నాం.

అంతకంటే పాత ప్రయోగం ఒకటుంది. నా విద్యార్థినులకు ప్రతి ఏడూ చెబుతాను. 1920లలో క్లారా డేవిస్ అనే పిల్లల డాక్టరు, పెంచే స్తోమత లేని తల్లుల పిల్లల్ని 15 మందిని ఆసుపత్రిలో ఉంచి పెంచారు. అప్పుడే తల్లిపాలు మానిన పసివాళ్ళు. కొందరిని ఆరు నెలలు, కొందరిని నాలుగున్నరేళ్ళ దాకా అక్కడే ఉంచారు. మొత్తం 34 రకాల ఆహారం ఎంచుకుని, అందులోంచి పూటకు కొన్ని చొప్పున చిన్న చిన్న గిన్నెల్లో బిడ్డ ముందు పెట్టేవారు. పాలు, గుడ్లు, మాంసం, చేప, ధాన్యాలు, దుంపలు, ఆకుకూరలు, పళ్ళు, ఉప్పు కూడా విడిగా. పక్కన నర్సు చెంచా పట్టుకుని కూర్చోవాలి. ఇది తిను అనకూడదు, అది వద్దు అనకూడదు. బాగా తిన్నావని మెచ్చుకోకూడదు, తినలేదని మొహం మాడ్చుకోకూడదు. బిడ్డ చెయ్యి చాపితేనే, వేలు పెట్టి చూపిస్తేనే ఆ గిన్నెలోది చెంచాతో పెట్టాలి.

ఆ పిల్లలు ఎలా తిన్నారనుకున్నారు? ఒక బిడ్డ తిన్నట్టు ఇంకో బిడ్డ తినలేదు. నారింజ రసం, కాలేయం కలిపి పొద్దుటి ఫలహారం చేసినవాళ్ళున్నారు. గుడ్లు, అరటిపళ్ళు, పాలతో రాత్రి భోజనం ముగించినవాళ్ళున్నారు. పెద్దవాళ్ళకు ఏ పూటా పద్ధతిగా అనిపించే భోజనం కాదది. అయినా అందరూ ఆరోగ్యంగా పెరిగారు. రికెట్స్ జబ్బుతో, అంటే ఎముకలు మెత్తబడి వచ్చిన ఒక పిల్లవాడి ముందు కాడ్‌లివర్ ఆయిల్ కూడా పెట్టారు. ఎముకలు గట్టిపడేదాకా వాడు దాన్ని తనంతట తానే తాగాడు. నయమయ్యాక ముట్టుకోలేదు.

ఇది విని, అయితే పిల్లల్ని వాళ్ళ ఇష్టానికి వదిలేద్దాం అనుకోకండి. 1939లో క్లారా డేవిస్ తనే వివరంగా చెప్పారు, కిటుకంతా ఆ 34 ఆహారాల జాబితాలోనే ఉందని. అందులో చక్కెర లేదు, బిస్కెట్ లేదు, డబ్బాల్లో వచ్చేది ఏదీ లేదు. దేన్ని ఎంచుకున్నా ఒంటికి పనికొచ్చేదే. ఏం పెట్టాలనేది పెద్దవాళ్ళు తీర్మానించారు, ఎంత తినాలనేది పిల్లలు తీర్మానించారు. ఇవాళ్టి రోజుల్లో పసిపిల్లల మీద అలాంటి ప్రయోగం ఎవరూ చేయనివ్వరు, చేయకూడదు కూడా. వాళ్ళు నేర్పిన పాఠం మాత్రం మనం వాడుకోవచ్చు.

మన ఇళ్ళలో ఇది తలకిందులుగా జరుగుతోంది. ఎంత తినాలో మనం బలవంతం చేస్తున్నాం. ఏం తినాలో బిడ్డకు వదిలేస్తున్నాం. అన్నం తినలేదు కాబట్టి బిస్కెట్, బిస్కెట్ వద్దంటే చాక్లెట్, అదీ కాకపోతే సీసాడు పాలు, అందులో తియ్యటి పొడి. సాయంత్రానికి ఆ బిడ్డకు ఆకలి ఎక్కడుంటుంది?

పాల గురించి కొంచెంసేపు మాట్లాడాలి. మనకు పాలంటే భక్తి. బిడ్డ అన్నం తినకపోయినా పాలు తాగింది కదా అని నిశ్చింతగా ఉంటాం. పాలలో సున్నం, అంటే కాల్షియం ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి, కాదనను. ఇనుము మాత్రం దాదాపు లేదు. బిడ్డ పుట్టినప్పుడు ఒంట్లో తెచ్చుకున్న ఇనుము ఆరు నెలలకే తగ్గిపోతుంది. అక్కణ్ణుంచి తిండిలోంచే రావాలి. ఏడాది నుంచి మూడేళ్ళ వయసు బిడ్డకు రోజుకు 8 మిల్లీగ్రాముల ఇనుము కావాలని మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. రోజుకు లీటరు పాలు తాగే బిడ్డ కడుపులో ఆ ఇనుము ఇచ్చే తిండికి చోటే మిగలదు. ఏడాది దాటిన బిడ్డకు పెరుగుతో కలిపి రోజుకు అర లీటరు చాలు. తల్లిపాలు వేరే సంగతి. రెండేళ్ళదాకా, ఆ పైన కూడా ఇవ్వవచ్చు. ఏడాదిలోపు బిడ్డకు తల్లిపాల స్థానంలో ఆవుపాలు, గేదెపాలు వద్దు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు చెబుతాను. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. ఈ గదిలో ముగ్గురు పిల్లలు ఆడుకుంటుంటే అందులో ఇద్దరికి రక్తం తక్కువ. పాలిపోయినట్టు కనిపించకపోవచ్చు, లావుగా కూడా ఉండొచ్చు. రక్తం తక్కువైతే చురుకు తగ్గుతుంది, ఆకలి కూడా తగ్గుతుంది. ఆకలి తగ్గిందని మనం మళ్ళీ పాలే పోస్తాం. చూశారా ఎక్కడికి వచ్చి ఆగుతున్నామో.

ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ ఇంట్లో ఉందా? వారానికి రెండుసార్లు, ఒక్కోసారి ఒక మిల్లీలీటరు. సీసాకే కొలత ఉంటుంది. విరేచనం నల్లగా అవుతోందని చాలామంది ఆపేస్తున్నారు. నల్లగా అవడం మామూలే, భయపడక్కర్లేదు. జ్వరంగా ఉన్నప్పుడు ఆపి, తగ్గాక మళ్ళీ మొదలుపెట్టండి. నులిపురుగుల మాత్ర కూడా ఏడాది దాటిన పిల్లలకు వేయించండి. రెండేళ్ళ లోపు సగం మాత్ర.

ఇంకో పొరపాటు పప్పుకట్టు. పప్పు ఉడికించి, పైన తేట మాత్రం తీసి అన్నంలో కలిపి పెడతారు, పప్పు అరగదేమో అని. పప్పులోని బలమంతా అడుగున ఉండిపోయింది. బిడ్డకు అందింది పసుపు రంగు నీళ్ళు. రాగిజావ కూడా అంతే, పల్చగా కాచి గ్లాసుడు తాగిస్తారు. బిడ్డ కడుపు ఎంత ఉంటుందనుకుంటున్నారు? బరువు కిలోకు 30 మిల్లీలీటర్లు పడుతుంది. ఎనిమిది కిలోల బిడ్డకు పావు లీటరు కంటే తక్కువ. ఆ చోటును నీళ్ళతో నింపితే బిడ్డ ఇంకేం తింటుంది? చెంచా వంచితే జారిపోని చిక్కదనం ఉండాలి. ముద్దపప్పు బాగా మెదిపి, అన్నంలో కలిపి, చెంచాడు నెయ్యో నూనో వేసి పెట్టండి. ఆరు నెలల బిడ్డకు కూడా అంతే. మన అన్నప్రాసన ఆరో నెలలో చేసుకుంటాం, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా ఆరు నెలలు నిండాకే. ఈ విషయంలో మన పెద్దవాళ్ళది సరైన లెక్క. ఆ రోజు పాయసం నాకించి, మళ్ళీ రెండు నెలలు పాలతోనే సరిపెట్టడం మాత్రం సరికాదు.

గుడ్డు బాగా ఉడికించి మెదిపి పెట్టండి. కొత్తపట్నం నుంచి మనకు రోజూ చేప వస్తుంది, ముళ్ళు తీసి చేత్తో నలిపి చూసుకుని పెట్టండి. కాలేయం దొరికిన రోజు చిన్న ముక్క మెత్తగా ఉడికించి అన్నంలో కలపండి. మాంసం తినని ఇళ్ళలో పప్పు, ఆకుకూర, నువ్వుల పొడి, పల్లీ పొడి. వాటిలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపు తోడుండాలి. పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి, తిన్నాక చిన్న జామముక్క మెత్తగా చేసి ఇవ్వండి. టీ చుక్క కూడా వద్దు. తాతయ్యలు సాసర్లో పోసి ప్రేమగా తాగిస్తుంటారు. టీ ఉన్నచోట ఇనుము ఒంటికి పట్టదు, తాతయ్యలు దయచేసి ఇది గుర్తుంచుకోవాలి. పల్లీలు, శనగలు గింజలుగా ఇవ్వకండి, ద్రాక్షపండు నిలువుగా నాలుగు చీలికలు చేసి ఇవ్వండి. గొంతుకు అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఏడాది లోపు తేనె నాకించవద్దు.

కొత్త కూర పెడితే ఉమ్మేస్తుంది. బీరకాయ ఇష్టం లేదని తీర్మానం చేసేస్తాం. ఈ వయసులో కొత్త రుచి అంటే అనుమానం సహజం. ఒక రుచి అలవాటు కావాలంటే పది, పదిహేను సార్లు కంచంలో కనిపించాల్సి రావొచ్చు. ప్రతిసారీ తినాలని లేదు. కనిపిస్తే చాలు, వేలితో తాకితే చాలు, నాలుక మీద పెట్టుకుని ఉమ్మినా పర్వాలేదు. మనం తింటుండగా చూడాలి. ఇక్కడే అసలు చిక్కు ఉంది. మన ఇళ్ళలో బిడ్డకు ముందు పెట్టేసి, తర్వాత మనం తింటాం. బిడ్డ ఎవర్ని చూసి నేర్చుకుంటుంది?

బలవంతంగా కుక్కడం గురించి. ఒకరు చేతులు పట్టుకుంటారు, ఒకరు నోట్లో పెడతారు. బిడ్డ ఏడుస్తూ నోరు తెరిస్తే అదే అదను అని ముద్ద లోపలికి తోస్తారు. ఏడ్చే బిడ్డ ఊపిరి లోపలికి లాగుతుంది, ముద్ద కూడా దాంతో పాటు గాలిగొట్టంలోకి వెళ్ళొచ్చు. పొలమారడంతో ఆగుతుందనే భరోసా లేదు. ప్రమాదం సంగతి అలా ఉంచినా, కంచం చూస్తేనే ఏడ్చే అలవాటు ఆ బిడ్డకు మనమే చేస్తున్నాం. కడుపు నిండిందని చెప్పడానికి ఆ వయసులో దానికి మాటలు రావు. మొహం తిప్పుతుంది, పెదాలు బిగిస్తుంది, చెంచా తోసేస్తుంది. అవి బిడ్డ చెప్పే మాటలు. మొదటిసారి తను వద్దని చెప్పింది, ఆ మాటను మనం వినాలి కదండీ.

ఫోను కూడా బలవంతమే, గట్టిగా పట్టుకోని బలవంతం. బొమ్మలు చూస్తూ నోరు తెరుస్తుంది, ముద్ద వెళ్ళిపోతుంది. ఏం తింటోందో తెలియదు, ఎప్పుడు నిండిందో తెలియదు. రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలు వద్దని, అయిదేళ్ళలోపు రోజుకు గంట దాటకూడదని మన దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘమే 2021లో చెప్పింది. నేను తల్లుల్ని నిందించడానికి ఇది చెప్పట్లేదు. ఫోను ఎందుకు ఇస్తున్నారో నాకు తెలుసు. పొయ్యి మీద కూర ఉంటుంది, బస్సు టైం అవుతుంటుంది, మామగారికి మందులివ్వాలి. ఆ అరగంటలో బిడ్డ తినాలి. ఫోను లేకుండా బిడ్డ పక్కన కూర్చోవడానికి ఇంట్లో ఇంకో మనిషి కావాలి.

ఆ ఇంకో మనిషి గురించి చెప్పాలి. మన దేశంలో ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు గడుపుతున్నారో ప్రభుత్వం సర్వే చేస్తుంది. 2024 సర్వేలో జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు పెడుతున్నట్టు తేలింది, మగవాళ్ళు 88. అదీ ఇంటిపని చేసే మగవాళ్ళ లెక్క, అసలు చేయనివాళ్ళు అందులో లేరు. పిల్లల్ని, పెద్దవాళ్ళను చూసుకోవడానికి ఆడవాళ్ళు 137 నిమిషాలు, మగవాళ్ళు 75. అయిదేళ్ళ ముందు, 2019 సర్వేలో ఇంటిపనికి 299, 97 ఉండేది. రెండూ తగ్గాయి, తేడా అలాగే ఉంది.

బిడ్డ బరువు తగ్గితే మాత్రం ఎవర్ని అడుగుతారు? పెళ్ళికి వెళ్తే, "ఏంటమ్మా పాప ఇలా చిక్కిపోయింది, సరిగ్గా పెట్టట్లేదా?" అని అడిగేది తల్లినే. తండ్రి పక్కనే నిలబడి ఉంటాడు, ఆయన్ని ఎవరూ అడగరు. నేను చదివిన చదువు, చెప్పే పాఠాలు ఏవీ ఆ ప్రశ్న నుంచి నన్ను కాపాడలేదు. మనసు చివుక్కుమంటుంది. ఇంటికొచ్చి ఆ కోపమంతా ముద్దలో పెట్టి బిడ్డకు తినిపిస్తాం. బంధువులకు నేను చేతులెత్తి దండం పెట్టి చెబుతున్నాను, పసిపిల్లల తల్లి కనిపిస్తే బిడ్డ బరువు అడగకండి. నువ్వు తిన్నావా, కాసేపు పడుకున్నావా అని అడగండి.

మా ఇంట్లో ఎలా చేస్తున్నామో చెబుతాను, మీకు పనికొస్తే తీసుకోండి. నేను పొద్దున్నే కాలేజీకి వెళ్ళిపోతాను. మధ్యాహ్నం పాపకు అన్నం మా అత్తయ్యగారు పెడతారు. రాత్రి అన్నం వాళ్ళ నాన్న బాధ్యత. కలపడం, పక్కన కూర్చోవడం, మూతి కడగడం, కింద పడ్డ మెతుకులు తుడవడం, అన్నీ. మేం ముగ్గురం ఒక మాట అనుకున్నాం. పాప ఎంత తిన్నదని ఒకర్నొకరు అడగం. ఏం పెట్టారని అడుగుతాం. ఈ చిన్న మార్పుతో ఇంట్లో చాలా గొడవ తగ్గింది. కింద చాప పరిచి అందరం కూర్చుంటాం, పాపకు చిన్న కంచం. తన చేత్తో తింటుంది, సగం ఒంటి మీద పోసుకుంటుంది. అరగంట తర్వాత కంచం తీసేస్తాం, తిన్నా తినకపోయినా. మళ్ళీ తినేది రెండున్నర, మూడు గంటల తర్వాతే, మధ్యలో మంచినీళ్ళు. మొదట్లో మా అత్తయ్యగారికి ప్రాణం ఒప్పుకోలేదు, పస్తు పెట్టినట్టుందన్నారు. ఇప్పుడు మా వీధిలో వాళ్ళకు ఆవిడే చెబుతున్నారు.

అందరిళ్ళలో అత్తయ్యలుండరు. ఉద్యోగం చేసే చోట పాలివ్వడానికి, తినిపించడానికి చోటు ఉండాలి. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, 26 వారాల సెలవు ఇచ్చారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు, రోజుకు నాలుగుసార్లు తల్లి వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చన్నారు. చిన్న చిన్న బట్టల షాపుల్లో, ఇళ్ళల్లో, పొలాల్లో పనిచేసే అమ్మలకు ఆ నియమాల నీడ పడదు. వాళ్ళకున్న ఒకే ఆసరా అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన పథకం అది, ఇవాళ మన ప్రతి వాడలో ఉంది. బాలామృతం ప్యాకెట్ ఇంటికి తెచ్చుకుంటే అది చిన్నబిడ్డకే పెట్టండి, ఇంట్లో అందరూ పంచుకునేది కాదు. నా మాట ఇంతవరకే. ఇక మీరు అడగండి.

(ఒక నాన్నమ్మ: మేం కాళ్ళ మీద పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోసి నలుగుర్ని పెంచామమ్మా. అందరూ గట్టిగానే ఉన్నారు. ఇప్పుడేంటి ఇన్ని మాటలు?)

మీరు నలుగుర్ని పెంచారంటే మీకు దండం పెట్టాలి పెద్దమ్మా. మీ రోజుల్లో బిడ్డ చుట్టూ పదిమంది ఉండేవారు, వీధిలో ఆడుకుని అలిసిపోయి ఆకలితో వచ్చేది. అది మళ్ళీ తేగలిగితే సగం కష్టం తీరుతుంది. పడుకోబెట్టి పోయడం మాత్రం వద్దండి, ఊపిరితిత్తుల్లోకి పోయి నెమ్ము చేసిన పిల్లలున్నారు. ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని అదే ఉగ్గుగిన్నెతో పెట్టండి. సీసా కంటే గిన్నె శుభ్రం.

(ఒక అమ్మ: ఫోను ఒక్కసారిగా మాన్పిస్తే పూర్తిగా తినడం మానేస్తాడేమో?)

రెండు మూడు రోజులు తక్కువ తింటాడు, గోల చేస్తాడు. ఆ రోజుల్లో ఇంట్లో అందరి ఫోన్లూ పక్కన పెట్టాలి, వాళ్ళ నాన్నది కూడా. సెలవు రోజున మొదలుపెట్టండి. ముందు ఒక్క పూట, రాత్రి పూట. కబుర్లు చెప్పండి, కాకిని చూపించండి, పొద్దున ఏం చేశాడో అడగండి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఆకలితో ఉండిపోడు.

(ఒక నాన్న: మరి నిజంగా భయపడాల్సింది ఎప్పుడు మేడం?)

మంచి ప్రశ్న, ఇది అందరూ వినాలి. ఇప్పటిదాకా నేను చెప్పింది ఆడుతూ పాడుతూ తిరిగే బిడ్డ గురించి. అదే 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు 31 శాతం ఉన్నారని తేలింది, కాబట్టి అన్నిటికీ పర్వాలేదని చెప్పి పంపను. తల్లీబిడ్డల కార్డులో ఎదుగుదల గీత ఉంటుంది. ప్రతినెలా బరువు తూచి చుక్క పెట్టించండి. ఒక్క చుక్క చూసి ఏమీ తేల్చకండి, చుక్కల్ని కలిపే గీత పైకి పోతోందా చూడండి. అది అడ్డంగా సాగినా, కిందికి దిగినా డాక్టరుకు చూపించాలి. ఆట మానేసి పడి ఉన్నా, నీళ్ళు కూడా తాగకపోయినా, రోజంతా ఒంటేలు పోయకపోయినా, పాదాలు వాచినా ఆ రోజే వెళ్ళండి. విరేచనాలు పట్టుకుంటే తిండి మాన్పించకండి. ఓఆర్ఎస్ పట్టిస్తూ మామూలు తిండి పెడుతూనే ఉండండి. జింకు మాత్ర 14 రోజులు వేయాలి, విరేచనాలు ముందే తగ్గినా సరే. జబ్బు తగ్గాక రెండు వారాలు రోజుకు ఒక పూట అదనంగా పెట్టండి, అప్పుడు పిల్లలే అడిగి తింటారు.

ఈ పక్క గదిలో బరువు తూచే మిషన్ పెట్టారు, టీచరుగారు ఉన్నారు. కార్డు తెచ్చినవాళ్ళు ఇప్పుడే చుక్క పెట్టించుకోండి. తేనివాళ్ళు బరువు కాగితం మీద రాయించుకుని రేపు అంగన్‌వాడీలో వేయించండి. నాన్నలు బిడ్డల్ని ఎత్తుకుని వరుసలో నిలబడండి, అమ్మలు కాసేపు ఇక్కడే కూర్చోండి. టీ ఇస్తున్నారు, పెద్దవాళ్ళకు మాత్రమే.